సగం నిండిన కుండ

విధికుడు కూర్చుంటే కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. లేచి నిలబడితే కాలు ఆగడం లేదు.

కృష్ణానది సముద్రంలో కలిసేచోట, గుట్ట మీద ఒక విహారం. అక్కడి పడుచు భిక్షువుల్లో విధికుడికున్న పేరు ఇంకెవరికీ లేదు. తూర్పు సముద్రం అవతల ఏదో ద్వీపంలో విషజ్వరాలని కబురొస్తే, ఎవరూ పంపకుండానే ఓడెక్కి వెళ్లి, ఏడాదిపాటు రోగులకు సేవ చేసి వచ్చాడు మరి. అదేమన్నా మామూలు సేవా? అతను గంజి కాస్తే ఆ ఆవిరికే ఊళ్లకు ఊళ్లు లేచి కూర్చున్నాయట. అతని అడుగుల చప్పుడు వింటే జ్వరం పెరటి గుమ్మంలోంచి పారిపోయేదట. తిరుగు ప్రయాణంలో ఓ తిమింగలం ఓడకి అడ్డంగా పడుకుంటే, "జరుగు తల్లీ, పనుంది" అన్నాడట. అది ఒళ్లు విరుచుకుని దారిచ్చిందట.

ఇవన్నీ విధికుడు చెప్పినవే. భోజనాల దగ్గర చెప్పేవాడు, రోజుకో మూర పెంచి.

కానీ చెప్పినకొద్దీ లోపల ఏదో తరిగిపోతోంది. ఇక్కడ మెట్లు ఊడవడం, దీపాలు తుడవడం. ఆ ఏడాది సేవ చివరికి ఒట్టి కథగా మిగిలిపోతుందేమోనని అతని భయం.

అంతలో ఆ ద్వీపానికి పోయే ఓడ రేవుకొచ్చింది. మర్నాడు పొద్దెక్కాక తెరచాప ఎత్తుతుంది. మళ్లీ గాలి తిరిగేదాకా ఇంకో ఓడ లేదు. విధికుడు పరుగున గురువు నాగబోధి దగ్గరికి వెళ్లాడు.

"నన్ను పంపండి, భంతే. ఇక్కడ నా చేతులకి పని లేదు."

"అక్కడ దిగగానే ఏం చేశావు?"

"వాళ్లకో ఆచారం ఉంది, భంతే. పడవ దిగినవాడు నోరు విప్పకూడదు. మొదటి ఇంటి ముందున్న కుండ తీసుకుని నీళ్లు నింపి పెట్టాలి. ఆ తర్వాతే పేరూ ఊరూ. అలా ఆ ఇంట్లో రోగిని చూశాను, తర్వాత పక్కింట్లో, ఆ తర్వాత..."

"తిమింగలం సంగతి విన్నాలే," అన్నాడు నాగబోధి. "పొద్దున్నే మూట కట్టుకో. ఓడ దాకా పడవ నేనే వేస్తాను."

తెల్లారింది గానీ పొగమంచు. ఎంత మంచంటే, చేపలు సైతం ఒకదాన్నొకటి దారి అడుగుతున్నాయి. గురువు తెడ్డు వేస్తున్నాడు. శిష్యుడి మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"ఇంకా ఎంత దూరం, భంతే?"

"నువ్వు మోకాలు ఆపితే పడవ కాస్త తిన్నగా పోతుంది."

చాలాసేపటికి పడవ అడుగున ఇసక గరగరలాడింది.

"దిగు."

"ఓడేది?"

"మంచు వీడనీ. ఇక్కడేదో ఊరున్నట్టుంది. దిగు."

మూట భుజాన వేసుకుని దిగాడు. ఎదురుగా తాటాకు గుడిసె. గుమ్మం ముందు ఖాళీ కుండ. చెయ్యి దానంతటదే వెళ్లి అందుకుంది. పక్కనే ఇసకలో తవ్విన చెలమ. మోకాళ్ల మీద కూర్చుని కొబ్బరి చిప్పతో నీళ్లు తోడసాగాడు.

గుడిసెలోంచి కర్ర ఊతంగా ఒక ముసలామె వచ్చింది. పాదానికి గుడ్డ చుట్టి ఉంది, పైకి వాపు.

"ఎవురు నాయనా? ఏ దేశం?"

అతను ఇంకో చిప్పెడు నీళ్లు కుండలో పోశాడు.

"పలకవా? పోన్లే. కాలు పుండై కుండ మోయలేకపోతన్నా. మా ఎనకాల గుట్ట మీద చానామంది సాములున్నారు గానీ, ఈ చెలమ కాడికి ఒక్కరూ దిగి రాలా. పాపం, సముద్రం దాటొచ్చినోడివి, నీకు తెలిసింది."

చిప్ప గాలిలో ఆగిపోయింది.

మంచు విచ్చుకుంటోంది. తాటిచెట్ల పైన, గుట్ట మీద, తెల్లటి స్తూపం. దాని కింద, రోజూ తను ఊడ్చే మెట్లు. ఇటు చూస్తే సముద్రంలో ఓడ తెరచాప ఎత్తుతోంది.

నాగబోధి పడవలోనే ఉన్నాడు, తెడ్డు చేత్తో పట్టుకుని.

"ఓడ ఇంకా అందుతుంది. వస్తావా?"

విధికుడు ఓడను చూశాడు. ముసలామె పాదాన్ని చూశాడు. చిప్పను మళ్లీ చెలమలో ముంచాడు.

"కుండ సగమే నిండింది, భంతే."

ఆ కుండ నిండేసరికి విధికుడికి ముసలితనం వచ్చి నడుం వంగిపోయిందని ఆ తీరంలో చెప్పుకుంటారు.