కొమ్మెక్కని సభ్యురాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పక్షులకొక సభ ఉండేది. సభ మద్దిచెట్టు కొమ్మల మీద జరిగేది. కొమ్మ మీద కూర్చున్నవాళ్ళకే మాట్లాడే హక్కు. కూర్చునేవన్నీ మగపక్షులే. ఆడపక్షులు రాకూడదని ఎవరూ అనలేదు. ఎప్పుడూ ఎవరూ రాలేదు, అంతే.

ఆ చెట్టుకు కాస్త దూరంలో, ఎండిన ఏటి ఒడ్డున గులకరాళ్ళ మేట ఉంది. అక్కడ తీతమ్మ అనే తీతువు పిట్ట కాపురం. గూడూ గీడూ ఏమీ లేదు. రాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో అచ్చం రాళ్ళలాగే కనిపించే గుడ్లు. కౌజు పిట్టలూ, నేల మీద గుడ్లు పెట్టే ఇంకెన్నో పిట్టలూ ఆ మేట మీదే పొదుగుతున్నాయి.

ఒకరోజు పక్కగుంట కౌజు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వదినా, కొంప మునిగింది! రేపట్నుంచి అడవి గేదెల మంద మన మేట మీదుగా మడుగుకు పోతుందట. సభలో తీర్మానం చేసేశారు."

"మనల్ని అడక్కుండానే?"

"మనల్నెప్పుడు అడిగారు గనక! గేదెల వీపుల నిండా పురుగులే. మంద ఇటుగా నడిస్తే కాకులకూ గోరింకలకూ రోజూ విందు."

తీతమ్మ మొగుడి వైపు చూసింది.

"నువ్వే వెళ్ళు," అన్నాడు మొగుడు. "గుడ్ల మీద నేను కూర్చుంటా. నేను వెళితే ఆ నెమలి నాలుగు తీపి మాటలు చెప్పి, నాచేత తలూపించి పంపిస్తాడు."

తీతమ్మ వెళ్ళి మద్దిచెట్టు కింద నిలబడింది.

"అయ్యా, నాదొక మాట."

సభకు పెద్ద నెమలి నీలయ్య. అతను మెడ వంచి చూశాడు. "కింద నుంచి చెప్పేది సభలో చెల్లదమ్మా. కొమ్మెక్కి చెప్పు."

తీతువు కాలికి వెనక వేలు ఉండదు. కొమ్మను పట్టుకుని నిలవలేదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. అయినా తీతమ్మ ఎగిరింది. జారి కిందపడింది. మళ్ళీ ఎగిరింది. ఈసారి కాస్త ఊగి, వెల్లకిలా పడింది. కొమ్మల మీద ఒకటే నవ్వు.

"ఏమ్మా, పొద్దున్నే ఇప్పపూలు మెక్కి మత్తుగా వచ్చావా?" అన్నాడు కాకి నల్లయ్య. "అసలు నీ గొంతు వింటేనే అపశకునం!"

మూడోసారి తీతమ్మ ఎగరలేదు. రెక్కలు దులుపుకుని, ఉన్నచోటే నిలబడి, అడవి దద్దరిల్లేలా మాట్లాడింది.

"నీలయ్యా! నువ్వు కొమ్మ మీద పుట్టలేదు. మీ అమ్మ నిన్ను నేల మీదే పొదిగింది. మరి ఇప్పుడు నీ భార్య ఎక్కడ పొదుగుతోందో తెలుసా? మా మేట అంచున, తుప్పల్లో. రేపు మంద తొక్కేది ఆ గుడ్లను కూడా!"

నవ్వు ఆగిపోయింది. నీలయ్యకు నిజంగానే తెలియదు. నెమళ్ళలో మగవాళ్ళు గుడ్ల దగ్గరికి వెళ్ళే అలవాటే లేదు.

అతను గొంతు సవరించుకున్నాడు. "సరే. మా ఆవిడ ఉన్న తుప్పనూ, నీ గుంటనూ తప్పించి నడవమని గేదెలకు చెబుతాం. ఇక ఇంటికి వెళ్ళు."

తీతమ్మకు తన గుడ్లు కళ్ళముందు మెదిలాయి. సరేనంటే చాలు, అవి బతుకుతాయి.

"మరి కౌజు గుడ్లో?" అని అడిగింది.

"అందరి సంగతీ చూడాలంటే ఎలాగమ్మా?"

"అది చూడకపోతే సభ ఎందుకు? నా ఒక్కదానికైతే నాకొద్దు," అని తీతమ్మ వెనక్కి తిరిగింది.

మర్నాడు మంద వచ్చింది. నేల అదిరింది. దుమ్ములోంచి నల్లటి గుట్టలు నడిచి వస్తున్నట్టుగా ఉంది. తీతమ్మ తన గుడ్ల దగ్గర నిలబడలేదు. మంద మొదటి అడుగు పడే చోట, మేట మొదట్లో నిలబడింది. గేదె గిట్టంత కూడా లేని పిట్ట, రెండు రెక్కలూ బార్లా చాపింది.

ముందు నడుస్తున్న ముసలి గేదె ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. వెనక మంద మొత్తం ఆగింది.

"తప్పుకోవే! దాహంతో ఉన్నాం. సభ మాకు దారిచ్చింది."

"సభ మమ్మల్ని అడక్కుండా ఇచ్చింది పెద్దమ్మా. ఇక్కడ నీ కాలు పడే ప్రతిచోటా గుడ్లే. ఏటి వెంట చుట్టి వెళ్ళినా మడుగు వస్తుంది. పిల్లలు రెక్కలు విప్పేదాకా అటు నడవండి. బదులుగా పులి కదిలితే ముందుగా అరిచి చెప్పే పూచీ మాది."

"నా కాలు నీ మీద పడితే ఏం చేస్తావు?"

"నేనుండను. నా వెనక ఇంకొకతె ఉంటుంది."

కౌజు వణుకుతూ వచ్చి తీతమ్మ వెనక నిలబడింది. దాని వెనక మరో పిట్ట. ఆ వెనక ఇంకొకటి. గులకరాళ్ళే లేచి నడుస్తున్నట్టు మేటంతా కదిలింది.

ముసలి గేదె ఆ వరుసను చూసింది. కాలు వెనక్కి దించింది.

"పులి సంగతి మరిచిపోకు," అని ఏటి వైపు తిరిగింది. అంత మందా దాని వెంట తిరిగింది. మద్దిచెట్టు మీంచి సభంతా ఇది చూసింది.

నీలయ్య కొమ్మ మీద నుంచి పిలిచాడు. "తీతమ్మా, నువ్వు సభలో ఉండాలి. నీకోసం కొమ్మ మీద వెడల్పుగా ఒక పీట వేయిస్తాం."

"పీట నాకొక్కదానికే సరిపోతుంది. మాలో కొమ్మెక్కలేనివాళ్ళు ఇంతమంది ఉన్నారు. మీరే దిగండి."

"సభ నేల మీదా? పరువేం కాను?" అని నల్లయ్య గొణిగాడు.

తుప్పల్లోంచి ఆడనెమలి లేచి వచ్చింది. తీతమ్మ పక్కన నిలబడి మొగుడి వైపు చూసింది. నీలయ్య తోక సర్దుకుని కిందికి దిగాడు. ఆ తరువాత ఒక్కొక్కరే దిగారు. అందరికన్నా ఆఖర్న నల్లయ్య దిగాడు.

ఆ తరువాత తీతమ్మ ఎన్నో వేసవులు ఆ సభలో ఉంది. నీళ్ళ తగాదాలు తీర్చింది. గద్దలను హద్దులకు ఒప్పించింది. సభ మొదలైన ప్రతిసారీ ఆమె ముందుగా లేచి ఒకటే అడిగేది.

"ఇవాళ రానిదెవరు? వాళ్ళను పిలిచాకే మాట్లాడదాం."

నీతి: తమ ఒక్కరికే దక్కే మేలును వదులుకుని, అందరి కోసం నిలబడినవాళ్ళే నాయకులు.