మూడు బడులు, రెండు తాళాలు

ఒక చిన్న సీమలో మూడు బడులుండేవి. కొండ మీద ఒకటి, ఏటి ఒడ్డున ఒకటి, సంత పక్కన ఒకటి. మూడింటినీ రాజే పోషించేవాడు. ఒకనాడు ఆయనకు, మూడెందుకు, మంచిది ఒక్కటుంటే చాలదా అనిపించింది. కొలువులో ఖర్చులు తూచి చూసే తక్కెడవాడిని పిలిచి రెండు తాళాలు చేయించమన్నాడు.

ఏ బడిని ఉంచాలో చెప్పడానికి ఒక అవ్వను కుదిర్చారు. ఆమె ఏ బడిలోనూ చదవలేదు. బెల్లం, చింతపండు కట్టి తెచ్చిన పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని తనకు తానే చదువు నేర్చుకుంది. ఏ బడి గడపా తొక్కలేదు కనుక పక్షపాతం ఉండదన్నారు. అవ్వ నోరు విప్పి తీర్పు చెప్పేదాకా ఏ తలుపుకూ తాళం పడకూడదన్నది ఆ సీమ కట్టడి.

అవ్వకు ఒకటే దిగులు. ఈ మధ్య మతిమరుపు వస్తోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. పక్కింటి కోడలి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ముసలిదానికి మతి పోయిందని ఒక్కరన్నా తట్టుకోలేననుకునేది. అందుకే చూసినదానికల్లా కొంగుకు ముడి వేసుకుందామని బయలుదేరింది.

సంతబడిలో పిల్లలు బారులు తీరి కూర్చుని, ఎక్కాలు ఒక్క గొంతుతో అప్పజెప్పారు. ఒక్క తప్పూ దొర్లలేదు. అవ్వ ముచ్చటపడి ముడి వేసింది.

ఏటిబడిలో సగం మందే ఉన్నారు. ఏరు పొంగి అవతలి గట్టు పిల్లలు రాలేదు. వచ్చినవాళ్ళు తలా రెండు పలకల మీద రాస్తున్నారు.

"రెండోది ఎవరికర్రా?"

"అవతలి గట్టువాళ్ళకి. నీళ్ళు తగ్గాక వస్తారుగా!"

అక్కడొక ముడి పడింది.

కొండబడికి ఒకటే గది, ఒకరే పంతులు. ఐదో తరగతి పిల్ల ఒకతె చిన్నవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని, వేలు పట్టి ఇసుకలో అక్షరాలు దిద్దిస్తోంది. అవ్వను చూసి లేవను కూడా లేవలేదు.

"పంతులుగారు లేరా అమ్మా?"

"ఉన్నారు, మూడో తరగతి దగ్గర. కాసేపు మాట్లాడకవ్వా. వీడికి ఇప్పుడిప్పుడే 'ణ' పట్టుబడుతోంది. కదిలిస్తే జారిపోతుంది."

అవ్వ ఆగింది. ఆ అక్షరం పూర్తయ్యాక మెల్లగా అడిగింది. "ఈ బడి మూసేస్తే ఏం చేస్తారే?"

"నేనైతే సంతదాకా నడుస్తాను. వీళ్ళ కాళ్ళు చూడు" అంది ఆ పిల్ల.

అవ్వ చూసింది. మూడో ముడి గట్టిగా బిగించింది.

కొలువులో తక్కెడవాడు తాళాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. "ఏది మంచిదవ్వా?" అన్నాడు రాజు. అవ్వ కొంగు చాచి చూసుకుంది. మూడు ముడులూ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏ బడిదో ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

"మరిచిపోయాను ప్రభూ."

కొలువంతా నవ్వింది. "రేపు వాళ్ళింటికి దారి కూడా మనల్నే అడుగుతుంది లెండి" అన్నాడు తక్కెడవాడు. రాజు విసుక్కుని, మళ్ళీ చూసి రమ్మన్నాడు.

సిగ్గుతో చితికిపోతూ గడప దాటబోయిన అవ్వ ఒకసారి వెనక్కి తిరిగింది. తక్కెడవాడు తాళాలను తిరిగి సంచిలో వేసుకుంటున్నాడు. ఆమె ఆ సంచి వైపు చాలాసేపు చూసింది.

ఈసారి పట్టుదలగా వెళ్ళింది. పాత ముడులు విప్పి కొత్తవి కట్టింది. సంతబడి ముడిలో ఒక చింతగింజ, ఏటిబడి ముడిలో ఒక గులకరాయి, కొండబడి ముడిలో చిటికెడు ఇసుక. వెళ్ళిన చోటల్లా మిగతా బడుల ముచ్చట్లు కూడా చెప్పింది. కొండ మీది పిల్ల సంగతి విని సంతబడి పంతులు పెద్దపిల్లలను చిన్నవాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు. ఎక్కాలు తప్పాయి. ఆ గదిలో మొదటిసారి నవ్వులు వినిపించాయి.

కొండ మీద ఆ పిల్ల ఆమెను గుర్తుపట్టింది. "పోయినసారీ ఇవే అడిగావు కదవ్వా! మరిచిపోయావా?"

"లేదే తల్లీ. ఈసారి అంతా గుర్తుంది."

"వాడికి 'ణ' వచ్చేసింది తెలుసా?"

మళ్ళీ కొలువు. మళ్ళీ అదే ప్రశ్న. అవ్వ వేళ్ళతో కొంగు తడిమింది. గింజ, రాయి, ఇసుక. అన్నీ పట్టపగల్లా కనిపిస్తున్నాయి. ఒక్క మాట చెబితే చాలు, జన్మలో ఎవరూ తనను మతిలేనిదనరు. తక్కెడవాడు నూనె పెట్టి తుడిచిన తాళాలు తళతళలాడుతున్నాయి. వాటి వెనక రెండు తలుపులు కనిపించాయి ఆమెకు.

"మరిచిపోయాను ప్రభూ. మళ్ళీ చూసి వస్తాను."

"ముసలిదానికి మతి పోయింది" అన్నాడు తక్కెడవాడు, అందరికీ వినబడేలా.

అవ్వకూ వినబడింది. తల వంచకుండా నడిచి వెళ్ళింది. గడప దాటాక ఒక్క క్షణం నిలబడి, కొంగుకు నాలుగో ముడి వేసుకుంది. ఈసారి వచ్చినప్పుడు, మరిచిపోయానని చెప్పడం మరిచిపోకుండా.