నిలువురేవులో బల్లతల్లి వెలసిన వైనం

గోదావరి చిన్నపాయకు ఈవల గట్టు, ఆవల పొలసలంక. లంక అంచున తాటాకు కప్పు కింద వెలసిన తల్లి పేరు బల్లతల్లి. కొత్తగా వచ్చిన భక్తులు విగ్రహం ఎక్కడుందా అని అటూ ఇటూ చూస్తారు. పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, మనిషికంటే ఎత్తుగా నిలబెట్టిన ఆ టేకు బల్లే అమ్మవారు. రేవు పేరు నిలువురేవు. ఇక్కడి పడవలో కూర్చోవడానికి ఏమీ ఉండదు. ఎంతటి అధికారి అయినా, ఏ పీఠాధిపతి అయినా నిలబడే పాయ దాటాలి. అలా ఎందుకని అడిగేవారి కోసమే ఈ చిన్న పుస్తకం. కోపం లేకుండా రాయమని గుడి కమిటీ పెద్దలు కోరారు. ప్రయత్నం జరిగింది, కుదరలేదు.

పూర్వం ఇక్కడ... పూర్వమంటే కృతయుగం కాదు, మన తాతల కాలం కూడా కాదు. ఆనాటి సంగతి కళ్ళారా చూసినవారు ఇంకా గట్టు మీద కాఫీ తాగుతున్నారు. లంకలో పొలాలు గట్టు మీది రైతులవి. ఆ పొలాల్లో పనిచేసే పేటవాళ్ళ పాకలు లంకలోనే ఉండేవి. పేట ఆడవాళ్ళు తెల్లవారకముందే కూరగాయలు సంతకు తీసుకువెళ్ళి, పొద్దెక్కాక బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చేవారు. పడవ ఉండి కూడా పాయలో నడిచి వచ్చేవారు. రేవును వేలంపాటలో పాడుకున్న గవర్రాజు పడవలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బల్ల. రైతులు దానిమీద కూర్చునేవారు. పేటవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవడం వారికి నామోషీ.

ఆ రోజుల్లో మోర్మన్ అనే క్రైస్తవ సంఘం పంపగా నతానియేలు అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఈ లంకలకు సువార్త చెప్పడానికి వచ్చాడు. పల్నాటి మెట్ట నేలలో పుట్టినవాడు, ఏరంటే ఎండాకాలం ఎండిపోయేదనుకునేవాడు. తెల్ల చొక్కా, మెడకు టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ళ. ఆ సంఘంలో అంత చిన్నవాణ్ణి కూడా ఎల్డర్, అంటే పెద్ద, అనే పిలుస్తారు. లంకవాళ్ళకు అది నోరు తిరగక టైబాబు అన్నారు. నియమం ప్రకారం అతనికి తోడుగా ఇంకొక ఎల్డర్ ఎప్పుడూ వెంట ఉండేవాడు.

రోజూ ఉదయం మొదటి పడవలో దాటి, పాక పాకకూ వెళ్ళి తలుపు తట్టడం అతని పని. "ముందు ఈ గెల దింపు బాబూ, తరవాత నీ దేవుడి సంగతి," అనేవారు. గెల దింపితే గడ్డిమోపు ఎత్తమనేవారు. మూడు నెలల్లో ఒక్కరూ సంఘంలో చేరలేదు గాని, అతనికి పాక కప్పు నేయడం వచ్చింది. ఇంకొక విడ్డూరం లంకంతా నవ్వులాట అయింది. బాప్తిస్మానికి మనిషిని నీళ్ళలో నిలువునా ముంచే సంఘం అది. అయినా ఈ కుర్రవాళ్ళు ఏట్లో దిగి ఈదకూడదట. పరాయి ఊళ్ళో పిల్లలు మునిగిపోతారని పెద్దలు పెట్టిన కట్టడి. మంచికి పెట్టినదే.

పడవ పక్కనే నడుంలోతు నీళ్ళలో ఆడవాళ్ళు నడుస్తుంటే, పొడి చొక్కాతో బల్ల మీద కూర్చోవడం అతనికి రోజూ ముల్లులా ఉండేది. వాళ్ళను ఎందుకు ఎక్కించుకోవని ఒకరోజు గవర్రాజును అడిగేశాడు.

"ఆళ్ళకి కూకోడానికి బల్ల మీద చోటేదండి? నిలబెడదామంటే పడవ ఒరిగిపోద్దండి. మరింకెలాగండి?" అన్నాడు గవర్రాజు. ఎంత నున్నని మాటో చూడండి! కూర్చోనివ్వరు, నిలబడనివ్వరు, తప్పు మాత్రం పడవదట.

ఆషాఢంలో వరద ఎర్రనీరు దిగింది. నడుంలోతు కాస్తా గొంతుదాకా వచ్చింది. ఆ ఉదయం వరసలో చివర నడుస్తున్న మరిడమ్మకు కాలు జారింది. బియ్యం మూట పోయింది. ఆమె పడవకు బారెడు దూరంలో కొట్టుకుపోతూ చెయ్యి చాచింది. నతానియేలు సగం లేచాడు. తోడు ఎల్డర్ చొక్కా పట్టుకుని, "మన నియమం," అన్నాడు. "కదలకండి, కూకోండి!" అని గవర్రాజు అరిచాడు. అతను కూర్చున్నాడు. పడవలో పదకొండుమంది మగవాళ్ళు, ఒక్కడూ చెయ్యి అందించలేదు. దిగువన వల కట్టిన గుంజ దొరికి మరిడమ్మ తనంతట తానే ఒడ్డెక్కింది.

మధ్యాహ్నం అతను ఆమె పాకకు వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాడు. ఈత గురించిన కట్టడి చెప్పాడు.

మరిడమ్మ తడిచీర పిండుతూ వింది. "దిగొద్దన్నారు, సరే. సెయ్యి కూడా ఇవ్వొద్దన్నారా బాబూ?" అంది.

అతనికి సిగ్గుతో చెవులు మండాయి. ఆ పూట ఇంకే తలుపూ తట్టలేదు.

మర్నాడు అందరికంటే ముందు పడవెక్కాడు. అరటి పిలకలు తవ్వే గునపం చేతిలో ఉంది. తోడు ఎల్డర్ వద్దు వద్దంటుండగానే మేకులు పెళ్ళగించి, బల్లను ఎత్తి గట్టు మీద పడేశాడు.

రైతులు మండిపడ్డారు. "మేమెక్కడ కూర్చోవాలయ్యా?"

"నిలబడండి."

"నిలబడితే ఒరిగిపోదూ?"

పొద్దుటి బేరం చెడుతోందని గవర్రాజుకు కంగారు. "ఏం ఒరగదండి! మా నాన్న కాలం నించీ తోల్తన్నాను, నాకు తెల్దా? ఎక్కండి, ఎక్కండి!" అన్నాడు.

గట్టు మీద కొత్త మూటతో నిలబడిన మరిడమ్మ ఆ మాట వింది. గబగబా దిగి వచ్చి పడవలో కాలు పెట్టింది. "ఒరగదన్నావుగా గవర్రాజూ, పద," అంది. ఆమె వెనక పేట ఆడవాళ్ళంతా ఎక్కారు. పడవ ఒరగలేదు. ఇన్నేళ్ళ అబద్ధం ఒక్క మాటతో తేలిపోయింది.

సాయంత్రానికి రైతులు వడ్రంగిని పిలిపించారు. అప్పటికే పేటవాళ్ళు పడవలో దాటించిన బల్ల లంకలో నిలబడి ఉంది, పసుపు కుంకుమలతో. మధ్యాహ్నం కునుకులో తల్లి కల్లో కనిపించి, "నన్ను పడుకోబెట్టి నా మీద కూర్చున్నారు, నిలబెట్టండి" అని చెప్పిందని మరిడమ్మ చెప్పింది. అమ్మవారికి మేకులు కొట్టే ధైర్యం ఏ వడ్రంగికుంటుంది? నతానియేలు మాత్రం లబోదిబోమన్నాడు. విగ్రహాలు వద్దని చెప్పడానికి వచ్చినవాడాయె! "మీ దేవుడు కోప్పడితే నా పేరు సెప్పు," అని మరిడమ్మ అతని చేతిలో అరటిపండు పెట్టింది. జరిగినదంతా అతనే తన పెద్దలకు చెప్పుకున్నాడు. వంతు ప్రకారం వేరే ఊరికి మారేదాకా, ఇక్కడ నిలబడే పాయ దాటాడు.

నేటికీ ఆచారం అదే. నిలబడలేని ముసలివారిని పక్కవారు పట్టుకోవాలి, ఏ ఇంటివారని అడగకూడదు. పాయలో ఎవరైనా నడుస్తూ కనిపిస్తే, వారికి చెయ్యి ఇచ్చి ఎక్కించుకున్నాకే గడ వేసి పడవ కదుపుతారు. పోయిన ఆషాఢంలో ఒక పట్టుబట్టల కుటుంబం ముహూర్తం మించిపోతోందని, పాయలో నడుస్తున్న మనిషిని వదిలేసి పొమ్మని గొడవపడింది. అటువంటి వారికి ఈ క్షేత్రంలో ముహూర్తం లేదు, తీర్థం లేదు, ప్రసాదమూ లేదు. తక్కినవారికి తల్లి సంతానాన్నీ ఆరోగ్యాన్నీ ఇస్తుందని ప్రతీతి. అమ్మవారి ఎదుట చేతులు జోడించే ముందు, పడవలో ఆ చేతులు ఎవరికి అందించారో ఒకసారి తలుచుకుని లోపలికి రండి.