ఏనుగు వెనకడుగు

చాలాకాలం కిందటి మాట. కంచరపురమనే ఒకానొక రాజ్యాన్ని విజయకంఠీరవుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. పంట పోయిన ఏడు పన్ను అడగలేదు, ఆకలి అని వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపలేదు. కాని ఆయనకొక పంతం ఉండేది. నోటినుంచి ఒకసారి మాట వచ్చిందంటే, అది తప్పని తెలిసినా వెనక్కి తీసుకునేవాడు కాదు.

"పడమటి దాకా వెళ్ళిన సూర్యుడు మళ్ళీ తూర్పుకు నడుస్తాడా?" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

సభలో అందరూ తలలూపేవారు. ఊపని తలలు ఆ సభలో ఎక్కువకాలం కనిపించేవి కావు.

ఆ కొలువులో పోలన అనే విదూషకుడు ఉండేవాడు. రాజును నవ్వించడం అతని వృత్తి. ఆ పని అతను రెండేళ్ళుగా పంటి బిగువున చేస్తున్నాడని మాత్రం ఎవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట అతని అక్క లక్కమ్మ, భర్త పోయాక, తమ్ముడి అండన ఉందామని నగరానికి వచ్చింది. పుండరీకుడనే ఇళ్ళ దళారి పోలనకు కొత్తపేటలో ఒక ఇల్లు చూపించాడు. పాలతో కడిగినట్టు తెల్లటి గోడలు. పుండరీకుడు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, "ఇది నూరేళ్ళ ఇల్లు" అని ప్రమాణం చేశాడు. పోలన ఆ కర్పూరాన్ని చూశాడు గాని గోడను తట్టి చూడలేదు. ఆ శ్రావణంలో ముసురు పట్టింది. ఓ మధ్యాహ్నం లక్కమ్మ వెనక గోడవార కూర్చుని జొన్నలు విసురుతుండగా, గోడ కూలి మీద పడింది.

పదోరోజున పుండరీకుడు పరామర్శకు వచ్చాడు. "చూపించడం మా వంతు, చూసుకోవడం మీ వంతు. ఆపైన విధి!" అని నిట్టూర్చి, తాంబూలం నములుకుంటూ వెళ్ళిపోయాడు.

పోలన ఈ సంగతి కొలువులో ఎక్కడా ఎత్తలేదు. ఎత్తితే, ఆ ఇల్లు చూసి సరేనన్నది తానేనని కూడా చెప్పాలి మరి.

ఇలా ఉండగా రాజు చిత్రావళి నది మీద పెద్ద ఆనకట్ట కట్టించాడు. దానివల్ల ఎగువనున్న కోనవాడ అనే పడవవాళ్ళ పల్లె మునిగిపోతుంది. అక్కడి నలభై కుటుంబాలూ నగరంలో ఇళ్ళు కొనుక్కోవాలని రాజు సొమ్ము ఇప్పించాడు. అంతటితో ఊరుకోక, నిండుసభలో లేచి ప్రకటించాడు.

"పల్లె జనం మోసపోతారు. కనుక మేమే ఒక దళారిని ఎంచి మా ముద్ర ఇస్తాం. ఇళ్ళు కొనడమంటూ జరిగితే అతని ద్వారానే జరగాలి. అతడెవరో కూడా నిర్ణయించాం. మూడువందల ఇళ్ళు అమ్మిన మన పుండరీకుడు!"

పుండరీకుడు పట్టు ఉత్తరీయం సర్దుకుని సాష్టాంగపడ్డాడు. సభ చప్పట్లు కొట్టింది. పోలన చేతులు మాత్రం లేవలేదు.

సభ ముగిశాక కోనవాడ పెద్ద పైడయ్య, మెట్ల దగ్గర పోలనకు ఎదురుపడ్డాడు. ఎండకు నల్లబడ్డ మనిషి. తెడ్డు వేసి వేసి కాయలు కాచిన చేతులు.

"అయ్యా, మాకు నీళ్ళ సంగతి తెలుసు. ఎక్కడ లోతో, ఎక్కడ సుడో చూస్తే చెప్తాం. ఇళ్ళ సంగతి తెలీదు. ఆ పట్టు ఉత్తరీయం ఆయన మంచివాడేనా?"

పోలన జోళ్ళు వెతుక్కుంటున్నట్టు మెట్ల కిందికి చూశాడు.

పైడయ్య కాసేపు చూసి, "సున్నాలవీధిలో మాచమ్మ అని ఒకావిడ ఉందట. ఇల్లు కొనాలంటే ముందు ఆమెను అడగమని సంతలో చెప్పారు. ఇప్పుడిక రాజుగారి ముద్ర లేనిదే కొనకూడదాయె" అని తలగుడ్డ విదిలించి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పోలన సున్నాలవీధికి వెళ్ళాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి మాచమ్మ. చిన్నప్పటినుంచి గోడలకు సున్నం వేసి బతికింది. వేళ్ళ చివరలు సున్నానికి కాలి పొక్కులెత్తి ఉన్నాయి. పోలన పేరు చెప్పగానే ఆమె చేతిలోని కుంచె పక్కన పెట్టేసింది.

"కొత్తపేట లక్కమ్మగారి తమ్ముడివా?"

"నీకెలా తెలుసు?"

"ఆ గోడకు సున్నం వేసింది నేనే నాయనా."

పోలన అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ పేటంతా ఒకప్పుడు నీటిగుంట. చెత్తా చెదారం పోసి పూడ్చారు. సున్నం వేస్తుంటే గోడ లోపల చెమ్మ నా చేతికి తగిలింది. అమ్మేవాడికి చెప్పాను. 'రెండు పూతలు ఎక్కువ వెయ్యి' అన్నాడు, వేశాను. నువ్వు ఇల్లు చూడ్డానికి వచ్చిననాడు నేను పెరట్లోనే ఉన్నాను. నువ్వు నన్నడగలేదు. నేనూ వచ్చి చెప్పలేదు. కూలిదాన్ని, నాకెందుకులే అనుకున్నాను." ఆమె వేళ్ళకంటిన సున్నం కొంగుకు తుడుచుకుంది. "గోడ పడిందని విన్నాక నాకు అన్నం సయించలేదు. ఆనాటినుంచి ఎవరు ఇల్లు కొంటున్నారని తెలిసినా పోయి, నాకు తెలిసిన లోపమల్లా చెప్తున్నాను. చెప్పగా చెప్పగా నన్నే ఇల్లు చూసిపెట్టమంటున్నారు. ఇప్పటికి పందొమ్మిది ఇళ్ళు."

తప్పు ఇద్దరిదీ. ఒకరినొకరు తిట్టుకోవడానికి గాని, ఓదార్చుకోవడానికి గాని ఇద్దరికీ నోరు రాలేదు. చివరికి పోలన లేచి, "మాచమ్మా, రాజుగారి మాటను ఎవరూ వెనక్కి తిప్పలేరు. ముందుకైతే నడిపించవచ్చు" అన్నాడు.

ఆ రోజు కొలువులో అతను రాజుకు వంగి వంగి దండాలు పెట్టాడు.

"ప్రభూ, ముద్ర చేతిలో పెట్టి పంపేస్తే తమ ఘనతకే చిన్నతనం. పుండరీకుణ్ణి ఏనుగెక్కించాలి. ఆయన అమ్మిన ఇళ్ళున్న వీధులన్నీ ఊరేగించాలి. మూడువందల గడపలవాళ్ళు ఎదురొచ్చి హారతులు పడతారు. ఆ హారతులు ఆయనకు కావు, అంతటివాణ్ణి ఎంచిన తమకు!"

రాజు ముఖం వెలిగిపోయింది. "భేష్! మేము కూడా అదే అంబారీలో కూర్చుంటాం. రేపే ఊరేగింపు!"

పుండరీకుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ప్రభూ, నాబోటి అల్పుడికి అంత గౌరవం తగదు. పైగా రేపు పగలంతా వర్జ్యం..."

"రాజు మాట వర్జ్యం చూసుకుని బయల్దేరదు."

"కొత్తపేట సందులు బొత్తిగా ఇరుకు ప్రభూ, ఏనుగు పట్టదు."

"పట్టకపోతే మా ఏనుగే వెడల్పు చేసుకుంటుంది."

"నాకు ఒంట్లో నలతగా..."

"వైద్యుణ్ణి కూడా ఏనుగెక్కిస్తాం" అన్నాడు రాజు. మాట వచ్చేసింది. ఇక దానికి తిరుగులేదు.

మర్నాడు మబ్బు పట్టి ఉంది. మేళతాళాలతో ఊరేగింపు కదిలింది. పోలన ఏనుగు పక్కనే నడుస్తున్నాడు. పుండరీకుడు ఇళ్ళమ్మిన మొదటి వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఒక ముసలాయన అరుగు మీద నిలబడి ఏనుగుపైకి తేరిపార చూసి, లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

"హారతులేవి?" అన్నాడు రాజు.

"ఎండ ప్రభూ, జనం బయటికి రారు" అన్నాడు పుండరీకుడు.

రాజు ఆకాశంకేసి చూశాడు. ఎండ లేదు.

రెండో వీధిలో గోడలకు వెదురు కర్రలు ఆనించి ఉన్నాయి. మూడు ఇళ్ళు పాడుబడి గుమ్మాల్లో ఉమ్మెత్త మొలిచింది. ఒక ఇల్లాలు పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. రాజు మీసం దువ్వుకున్నాడు. తీరా చూస్తే పళ్ళెంలో తడిమట్టి ముద్ద ఉంది.

"మన్నించండి మహాప్రభూ" అందామె. "వానొస్తే మా ఇంట్లో పొయ్యిలోంచి నీళ్ళూరతాయి. కర్పూరం నానిపోయింది. ఈ మట్టి ఆ పొయ్యిలోదే."

మేళం దానంతటదే ఆగిపోయింది. పుండరీకుడు అంబారీ అంచు పట్టుకుని, "ప్రభూ, వెనక్కి తిప్పిద్దాం" అన్నాడు సన్నగా. రాజు పళ్ళు బిగించి, "పోనివ్వు ముందుకు!" అన్నాడు మావటితో.

కొత్తపేట మొదట్లో ఏనుగు ఆగింది. తొండంతో నేలను తడిమింది. ఒక కాలు ఎత్తి మెల్లగా ఆనించి చూసి, మళ్ళీ తీసేసుకుంది. మావటి అంకుశంతో పొడిచాడు. ఏనుగు ఘీంకరించి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎందుకు ఆగింది?" గర్జించాడు రాజు. "ఈ పేటలో ఇళ్ళు కట్టుకోమని మా ముద్రతోనే అనుమతి ఇచ్చాం!"

"ప్రభూ, దానికి చదువు రాదు" అన్నాడు పోలన. "ముద్ర చూసి అడుగు వెయ్యదు. నేల చూసి వేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. రాజు ఏనుగు దిగి, ఎర్రబడ్డ కళ్ళతో పోలన ఎదుట నిలబడ్డాడు.

"మమ్మల్ని నడివీధిలో నవ్వులపాలు చెయ్యడానికేనా ఈ ఎత్తు?"

అప్పుడు పోలన, సందు చివర కూలిన మొండిగోడ వైపు చెయ్యి చూపాడు. "ఆ ఇంట్లో మా అక్క ఉండేది ప్రభూ. గోడ మీద పడి చనిపోయింది. ఇల్లు కుదిర్చింది పుండరీకుడు. బాగుందని చెప్పి ఆమెను అందులో పెట్టింది నేను. తమరు ఎంచినట్టే నేనూ మాట విని ఎంచాను, గడప గడపా అడగలేదు. కోనవాడవాళ్ళు నలభై ఇళ్ళవాళ్ళు. అందుకే ఈ సాహసం చేశాను. శిక్షించండి."

రాజు ఆ మొండిగోడకేసి చాలాసేపు చూశాడు. పుండరీకుడు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

"మరి అడగదగిన గడపలు ఎక్కడున్నాయి?" అన్నాడు చివరికి.

పోలన మాచమ్మ సంగతి చెబుతూ ఆయన్ని సున్నాలవీధి అవతలికి, ఆమె కుదిర్చిన ఇళ్ళవైపు నడిపించాడు. రాజు వస్తున్నాడని తెలియక ఒక కంసాలి అరుగు మీద నిలబడి, వీధిలో పోతున్న మాచమ్మను కేకలేస్తున్నాడు.

"రా, వచ్చి చూడు! నైరుతి మూల కారుతుందన్నావా లేదా? మొన్నటి వానకు సరిగ్గా ఆ మూలే కారింది! 'మాచమ్మ ముందే చెప్పింది కదా, తాటాకు కప్పించరా' అంటే మా అన్నయ్య విన్నాడు కాదు. వాడికి నువ్వే వచ్చి బుద్ధి చెప్పాలి!"

రాజు పెదవి కొస మీద నవ్వు కదిలి, మళ్ళీ అంతలోనే మాయమైంది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు.

"పోలనా, ఈమే తగినదని మాకు తెలుస్తూనే ఉంది. కాని సభలో మాట ఇచ్చేశాం. ఇప్పుడు మాట వెనక్కి తీసుకుంటే లోకం నవ్వదా?"

"ఇందాక తమ ఏనుగు వెనకడుగు వేసినప్పుడు ఎవరైనా నవ్వారా ప్రభూ? అమ్మయ్య, గుంటలో పడలేదు అనుకున్నారు."

రాజు ఒక్క క్షణం అతనికేసి చూశాడు. ఆ తరువాత భుజాలు అదిరేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "సూర్యుడితో పోల్చుకుని ఇన్నాళ్ళూ చెడ్డాం. ఏనుగే నయం!" అని తన మెడలోని ముత్యాలహారం తీసి పోలన మెడలో వేశాడు. పుండరీకుణ్ణి దళారీ పని చెయ్యకుండా నిషేధించి, కూలిన ఇళ్ళవాళ్ళ నష్టం అతని ఆస్తినుంచే ఇప్పించాడు.

ముద్ర మాత్రం మాచమ్మ పుచ్చుకోలేదు.

"వద్దు మహాప్రభూ. ముద్ర ఉందంటే జనం అడగడం మానేస్తారు. నేనూ మనిషినే, రేపు నా బుద్ధి ఎలా ఉంటుందో! నన్నడగమనండి, ఇరుగుపొరుగును అడగమనండి, వానలో ఓ పూట ఆ ఇంట్లో కూర్చుని చూసుకోమనండి. ఆ మాటే చాటించండి, చాలు."

రాజు అలాగే చాటింపు వేయించాడు.

ఆ వానాకాలమంతా మాచమ్మ కోనవాడవాళ్ళను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. నచ్చనివి వద్దంది. అడిగినదానికీ చెప్పింది, అడగనిదీ చెప్పింది. రాజు పోలనను వాళ్ళకు తోడు పంపాడు. చివరగా పైడయ్యకు కమ్మరివీధిలో ఒక ఇల్లు కుదిరింది. వంటింట్లో పొగ పోదని, కిటికీ పెట్టించుకోవాలని ఆమె ముందే చెప్పింది. "పెట్టించుకుంటాం" అన్నాడు పైడయ్య.

గృహప్రవేశం నాడు సామాను దించుతుంటే చిక్కొచ్చిపడింది. వాళ్ళ తెడ్లు నిలువెత్తుకు మించి పొడవు. గుమ్మంలోంచి తిప్పితే దూలానికి తగులుతున్నాయి, వంచితే మలుపు తిరగడం లేదు.

మాచమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, గోడ చూశాను, కప్పు చూశాను, నూతి నీళ్ళు తాగి చూశాను. తెడ్ల పొడవు చూసుకోలేదు పైడయ్యా! నాదే తప్పు. కావాలంటే ఇల్లు మార్చిపెడతాను."

పైడయ్య తెడ్డును నేలకానించి నిలబడి, ఇంటిని కిందనుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"తప్పయిందని చెప్పిన మనిషి దొరికింది. ఇంకో ఇల్లెందుకు?" అన్నాడు. "పెరటిగోడ మీదుగా అందుకుంటాం. అయ్యా పోలనగారూ, ఆ కొస కాస్త పట్టండి."

పోలన గృహప్రవేశానికని వేసుకొచ్చిన ముత్యాలహారం తీసి మాచమ్మ చేతికిచ్చి, తెడ్డు కొస భుజానికెత్తుకున్నాడు.