కోటేశ్వరి దరఖాస్తు

సుభాషిణి ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోని మాట ఒకటుంది. కోటేశ్వరిని ఆఖరిసారి కలిసినప్పుడు, ఆమె ఆగిపోయిన నర్సింగు కోర్సు మళ్ళీ చదువుతానంటే, తను నవ్వేసి, "చేరి ఏం చేస్తావులేవే, మళ్ళీ మధ్యలో మానేస్తావు" అంది. కోటేశ్వరి కూడా నవ్వింది. చేరలేదు. ఆ వానాకాలమే విషజ్వరం వచ్చి చనిపోయింది.

తర్వాత, కమ్యూనిటీ కాలేజీలో ఆమెతో చదివిన నలుగురు స్నేహితులూ కలిసి ఆమె పేరున ఒక స్కాలర్‌షిప్పు పెట్టారు. దానికోసం అందరికంటే ఎక్కువ తిరిగింది సుభాషిణే. దరఖాస్తు తనే తయారుచేసింది, నియమాలూ తనే రాసింది. కోటి అని తాము పిలుచుకునే కోటేశ్వరి పేరు అల్లాటప్పా వాళ్ళకి పోకూడదని ఆమె పట్టుదల.

మొదటి ఏడు ఇరవై ఆరు దరఖాస్తులు వచ్చాయి. వడపోతలో నిలిచినవి పుస్తకంగా కుట్టించి ఆ సాయంత్రం లోపల కాలేజీలో ఇవ్వాలి. అన్నీ సంచిలో వేసుకుని కరీముల్లా గారి బైండింగు కొట్టుకి వెళ్ళింది. రెండేళ్ళుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. గుంటూరులో ఆయన దగ్గరికి కొందరు పుస్తకాలు చినిగి వస్తారు, కొందరు మనసు బాగోక వస్తారు. ఎవరొచ్చినా ఆయన ముందు టీ తెప్పిస్తారు.

బల్ల మీద రెండు కట్టలు పెట్టింది. సన్నది నిలిచినవాళ్ళది. లావుది తీసేసినవాళ్ళది.

లావు కట్ట మీద సలోమి కాగితం ఉంది. ఆ పిల్ల నిన్న ఇంటికే వచ్చింది. అమ్మకి పక్షవాతం వస్తే చదువు ఆపి, రెండేళ్ళు మిర్చి గోదాములో తొడిమలు తీసిందట. ఇప్పుడు మళ్ళీ చేరింది. ఏడాదికి మించి చదువు ఆపినవాళ్ళు అర్హులు కారని సుభాషిణి కాగితం మీది నియమం చూపించింది. సలోమి సరేనక్కా అని, నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఎక్కడో చూసినట్టుంది.

"ఒక పిల్లని కాదన్నాను బాబా. మనసు పీకుతోంది. కానీ నియమం నియమమే కదా?"

కరీముల్లా గారు దారానికి మైనం పట్టిస్తున్నారు. మొదటి కాగితం ఏదమ్మా అని అడిగారు.

ఆ కొట్లో అదొక ఆనవాయితీ. పోయినవాళ్ళ పేరున ఏ పుస్తకం కుట్టినా మొట్టమొదటి కాగితం వాళ్ళదే అయి ఉండాలి. ఉత్తరమో, చీటీయో, ఏదో ఒకటి. అది లేకుండా ఆయన సూది పెట్టరు.

కోటి రాసిన కాగితాలేవీ తన దగ్గర లేవంది సుభాషిణి.

"ఖాళీ దరఖాస్తు ఉందిగా. ఆ అమ్మాయి పేరున నువ్వే నింపు."

కూర్చుని నింపింది. పేరు, ఊరు, కోర్సు. ఎందుకు చదవాలనుకుంటున్నారు అన్నచోట, కోటి ఎప్పుడూ అనే మాటే రాసింది: తెల్లకోటు వేసుకుని మా మేనత్త ఇంటి ముందు నుంచి నాలుగుసార్లు నడవాలి. రాస్తూ నవ్వుకుంది.

కింది గడిలో ఉంది: చదువు మధ్యలో ఆగిందా? ఎన్నాళ్ళు?

కలం ఆగింది. చాలాసేపటికి 'మూడేళ్ళు' అని రాసింది.

కరీముల్లా గారు కాగితం అందుకుని, చేయి బారచాచి పట్టుకుని, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నియమం దాకా చదివారు. చదివి, తీసుకెళ్ళి లావు కట్ట మీద, సలోమి కాగితం పైన పెట్టారు. అంచులు సరిచేశారు.

"ఇది ఇటే కదమ్మా" అన్నారు.

టీ చల్లారిపోయింది. ఆయన దారం కొస నాలుకకి తడుపుకుని సూదిలోకి ఎక్కించుకుంటున్నారు.

సుభాషిణి కోటేశ్వరి కాగితాన్ని రెండు చేతులతో ఎత్తింది. దాని కింద సలోమి నీలం సిరాతో రాసిన ఫోన్ నంబరు కనపడింది. చివరి అంకె సరిగ్గా పడలేదనుకుందేమో, ఆ పిల్ల దాన్ని మళ్ళీ దిద్దింది.

"కాసేపు సూది ఆపండి బాబా" అని, సుభాషిణి సంచిలోంచి ఫోన్ తీసింది.