గవరమ్మకి చెప్పే లెక్క

మన తాతలకి వాళ్ల తాతలు చెప్పారు. ఆ తాతలకి ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. అంత పాత ముచ్చట ఇది. అప్పటికి ఏరు ఇప్పుడున్న చోట లేదు, ఇంకా పడమరగా పారేదిట. ఆ ఏటి ఒడ్డున తాళ్లమొగ అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక తాటాకుల బడి. ఆ బడిలో లెక్కలు చెప్పే పంతులు ఒకాయన, ఆ బడికి ఇసక మోసే ముసలమ్మ ఒకావిడ. పంతులు పేరు జోగన్న, ముసలమ్మ పేరు గవరమ్మ. పంతులు పేరు అడిగితే ఈ రోజు సగం మంది తడుముకుంటారు. గవరమ్మ పేరు మాత్రం పలక పట్టిన ప్రతి పిల్లా చెబుతుంది. అలా ఎందుకయిందో వినండి.

ఆ రోజుల్లో కాగితాలెక్కడివి? బడిలో పిల్లలు ఇసకలో వేలితో రాసేవారు. ఇంటి దగ్గర చేసి తెమ్మన్న లెక్క మాత్రం చెక్క పలక మీద రాసి తేవాలి. గవరమ్మ తెల్లారగానే ఏట్లోకి దిగేది. మెత్తటి ఇసక తీసి, జల్లించి, గంపకెత్తుకుని బడికి తెచ్చేది. పిల్లకో మానిక ఇసక, ఒక గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. జోగన్న పంతులు కొలత తప్పితే ఊరుకునే మనిషి కాదు మరి. అందుకని గవరమ్మ చేతిలో ఎప్పుడూ గింజలు కొలిచే మానిక ఒకటి, సోల ఒకటి ఉండేవి. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. అక్షరం ముక్క రాకపోయినా ఆవిడకి ఆ కొలతలు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఇసక పోశాక ఆవిడ వెళ్లిపోయేది కాదు. బయట చూరు కింద కూర్చుని మర్నాటికి జల్లించుకుంటూ పాఠం వినేది. పాతిక అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు అని లోపల పంతులు చెబుతుంటే, చేతిలో మానిక వంకా సోల వంకా చూసుకునేది. కుంచంలో పాతిక అంటే మానికే కదా! కుంచంలో వీసం అంటే సోలే కదా! ఏళ్ల తరబడి తను పోస్తున్న ఇసకలోనే పంతులుగారి చదువంతా ఉందని తెలిసి, ముసల్ది తనలో తను నవ్వుకుంది.

ఇప్పుడు పంతులుగారి కట్టుబాటు చెప్పాలి. సాయంత్రం ఒక లెక్క చెబుతాడు. పొద్దున్న పలక చూస్తాడు. ఒప్పయితే అరచేతిలో వేలితో 'శ్రీ' రాస్తాడు. తప్పయితే, లేకపోతే అసలు చెయ్యకపోతే, బడి గోడ మీద ఆ పిల్ల పేరు పక్కన బొగ్గుతో చుక్క పెడతాడు. మూడు చుక్కలు పడితే పేరు కొట్టేస్తాడు. ఇంక ఆ పిల్లకి బడి లేదు. ఎందుకు తప్పిందని అడగడం లేదు, మళ్లీ చెయ్యమనడం లేదు. "తప్పు తప్పే. దిద్దితే ఒప్పయిపోదు" అనేవాడు. చెడ్డవాడు కాదండోయ్. గోడలు కట్టేవాడిలాంటి వాడు, ఇటుక వంకరపోతే తీసి పారెయ్యడమే తెలుసు.

ఆ బడికి తవిటమ్మ అని పదకొండేళ్ల పిల్ల వచ్చేది. తల్లి మంచాన పడింది. ఇరవై బాతుల్ని మేపుకొచ్చి, వాటిని గూట్లో పెట్టి, తల్లికి గంజి కాచి, అప్పుడు పరిగెత్తుకుంటూ బడికి రావాలి. ఒకరోజు బాతులు చెదిరిపోయాయి, లెక్క చెయ్యలేదు. మొదటి చుక్క పడింది.

ఆ మర్నాడు గవరమ్మ ఏటి ఒడ్డున ఆ పిల్లని పిలిచింది.

"బాతులు ఎలాగూ ఇక్కడికే వొస్తాయి. నువ్వూ ఇక్కడే కూకో. లెక్కేటో సెప్పు."

"నాకు రాదు మామ్మా."

"రాకపోతే తప్పు రాయి. ఇసకే కదా, సెరిపేసి మళ్లీ రాయి."

తవిటమ్మ రాసింది, తప్పింది. చెరిపింది, రాసింది, మళ్లీ తప్పింది. మూడోసారికి ఒప్పయింది. పిల్ల మొహం విచ్చుకుంది. ఆ మొహం చూడ్డానికైనా ఇంకో గంపెడు మోయొచ్చనుకుంది గవరమ్మ.

కొన్నాళ్లకి పంతులు ఒక లెక్క ఇచ్చాడు. కుంచం గింజల్లో పాతిక పిట్టలు తిన్నాయి. మిగిలిన దాంట్లో పాతిక ఎలకలు తిన్నాయి. ఎంత మిగిలింది? బడిలో పిల్లలంతా పాతికా పాతికా అర పోయింది కాబట్టి, మిగిలింది అర అని రాశారు. తవిటమ్మ ఒక్కతే అర మీద వీసం అని రాసింది. జోగన్న పంతులు ఆ పూట ఏ తొందరలో ఉన్నాడో, ఆయన లెక్కలోనూ అరే వచ్చింది. అందరి చేతుల్లోనూ 'శ్రీ' రాశాడు. తవిటమ్మ పేరు పక్కన రెండో చుక్క పెట్టాడు.

పిల్ల ఏడ్చుకుంటూ ఏటి ఒడ్డుకొచ్చింది. గవరమ్మ నాలుగు మానికల ఇసక పోసింది. పిట్టలకని ఒక మానిక తీసింది. మూడు మానికలు మిగిలాయి, అంటే పన్నెండు సోలలు. అందులో పాతిక, మూడు సోలలు, ఎలకలకని తీసింది. మిగిలినవి తొమ్మిది సోలలు. రెండు మానికల మీద ఒక సోల. అర మీద వీసం.

"నీదే ఒప్పే" అంది గవరమ్మ నెమ్మదిగా.

"అయితే పంతులుగారికి సెప్పు మామ్మా."

గవరమ్మ తీసిన ఇసకని మళ్లీ కుప్పలో కలిపేసింది. ఆ ఊరికి పంతులు దొరకడమే గగనం. అంతకు ముందు ఇద్దరొచ్చి, ఇద్దరూ వెళ్లిపోయారు. పంతులుగారికే లెక్క రాదని ఊళ్లో పొక్కితే ఈయన మూట సర్దుకుంటాడు. అప్పుడు ఒక్క తవిటమ్మకే కాదు, ఎవరికీ బడి ఉండదు.

"ఊరుకో తల్లీ. నీకింకా ఒక సుక్క ఉంది. ఇంక తప్పకుండా నేను సూసుకుంటాను" అంది.

అదే ఆవిడ చేసిన పొరపాటు. మంచికే చేసింది. మంచికి చేసిన పొరపాటే మనిషిని ఎక్కువ తినేస్తుంది.

తవిటమ్మని చూసి ఇంకో పిల్ల వచ్చింది. ఆ పిల్లని చూసి మరో ముగ్గురు. వానాకాలం వచ్చేసరికి సగం బడి పొద్దున్నే ఏటి ఒడ్డున ఉండేది. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. గోడ మీద కొత్త చుక్క పడక నెల దాటింది. జోగన్న పంతులు మీసం దువ్వుకున్నాడు. తన కట్టుబాటు వల్లే పిల్లలు బాగుపడ్డారని ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పుడొచ్చింది గుడ్డ లెక్క. బారెడు గుడ్డలో సగం చించాను, ఆ సగంలోంచి బారలో మూడు వీసాలు చించి ఇచ్చేశాను, నా చేతిలో ఎంత మిగిలింది? పొద్దున్న పంతులు పలకలు చూశాడు. మొదటి పలక మీద 'మానిక మీద సోల' అని ఉంది. రెండో పలక మీద అదే, మూడో పలక మీదా అదే. పాతిక మీద వీసం అని రాయాల్సిన చోట పదిమంది పిల్లలు గుడ్డని మానికతో కొలిచి తెచ్చారు. వాళ్లకి పాతికంటే మానికే, వీసమంటే సోలే. ఇసకలో నేర్చింది అలాగే పలకకెక్కింది.

"గుడ్డని మానికతో కొలుస్తారా? మీ అమ్మలు చీరలు సోలల్లో పోసి కడుతున్నారా?" అన్నాడు పంతులు. నవ్వుతున్నాడనుకున్నారు పిల్లలు. ఆయన నవ్వడం లేదు. "ఒకళ్లది చూసి ఒకళ్లు రాశారు. ఎవరు చెప్పారు మీకు?"

గుమ్మం దగ్గర గంప దించి గవరమ్మ అంది.

"నేనే బాబూ. లెక్క తప్పలేదు, మాటే తప్పింది. సెరిపేసి మళ్లీ రాయనియ్యండి."

"తప్పు తప్పే. దిద్దితే ఒప్పయిపోదు. నువ్వు ఇసక పోసి వెళ్లు. నా పిల్లలతో మాట్లాడకు."

పదిమంది పేర్ల పక్కన పది చుక్కలు పడ్డాయి. తొమ్మిది మందికి అది మొదటిదో రెండోదో. తవిటమ్మకి మూడోది. పంతులు ఆ పేరు మీద బొగ్గుతో అడ్డంగా గీత గీశాడు. పిల్ల పలక చంకన పెట్టుకుని బయటికి నడిచింది. గవరమ్మ వైపు చూడలేదు. అదే ముసలమ్మకి తట్టుకోలేని దెబ్బయింది.

మర్నాడు గవరమ్మ గుమ్మంలో నిలబడి బతిమాలింది. "పిల్లని రానియ్యండి బాబూ." పంతులు తల ఎత్తలేదు. ఆ మర్నాడు వానలో తడుస్తూ నిలబడి బతిమాలింది. "తప్పు నాది. నాకు పెట్టండి బాబూ సుక్క." పంతులు తల ఎత్తలేదు. మూడో రోజు పిల్లలింకా రాకముందే వచ్చింది. మాట్లాడకుండా ఆయన అరుగు మీద నాలుగు మానికల ఇసక పోసింది. ఒక మానిక తీసింది. మిగిలిన దాంట్లోంచి మూడు సోలలు తీసింది.

"ఏమిటిది?" అన్నాడు పంతులు.

"పిట్టలూ ఎలకలూ తినగా మిగిలింది బాబూ. తమరే కొలిచి సూసుకోండి. నేనెవరికీ సెప్పలేదు, సెప్పను."

"అరుగు పాడు చేశావు. ఊడ్చి వెళ్లు" అన్నాడాయన.

గవరమ్మ ఊడ్చింది. ఆ పూట ఏరు పొంగుతోంది. ఒడ్డు ఇసకంతా బురద. పంతులు ఎన్ని మాటలన్నా ఆవిడ పిల్లల ఇసక మాత్రం మానలేదు. మంచి ఇసక కోసం నడుం లోతు నీళ్లలో మధ్య దిబ్బకి వెళ్లి మూడు గంపలు మోసింది. ఇంటికెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది.

ఒకరోజు బడికి ఇసక రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు జోగన్న పంతులు విసుక్కుంటూ తనే గంప తీసుకుని ఏటికి వెళ్లాడు. ముప్ఫై మంది పిల్లలకి ముప్ఫై మానికలు. చేతులు బొబ్బలెక్కాయి. పోస్తూ పోస్తూ ఉంటే మూడు మానికల కుప్ప ఒకటి కళ్లముందు కనిపించింది. అందులో పాతిక ఎంత? మానిక కాదు, మూడు సోలలు. ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ కొలిచాడు. చెరిపి మళ్లీ కొలిచాడు. ఎన్నిసార్లు కొలిచినా తొమ్మిది సోలలే మిగిలాయి.

ఉన్నవాడు ఉన్నట్టే గవరమ్మ గుడిసెకి పరిగెత్తాడు. గుడిసెలో గవరమ్మ లేదు. ఆ రోజు తెల్లారగట్లే ఏటి గట్టున మట్టి చేశారు. తవిటమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది. జ్వరం పడ్డ ఆ రెండు రోజులూ ముసలమ్మ నోట్లో నీళ్లు పోసింది ఆ పిల్లే.

"నా లెక్క తప్పని ఎవరికైనా చెప్పిందా?" అని అడిగాడాయన. అడిగినందుకు తనకే సిగ్గేసింది.

"లేదు బాబూ. ఎవులికీ సెప్పొద్దని నా సేత కూడా ఒట్టేయించుకుంది. బడి ఎల్లిపోద్దంది." పిల్ల చేత్తో కళ్లు తుడుచుకుంది. "నేను మామ్మతో మూడు రోజులు మాటాడ్లేదు. జొరమొచ్చాక మాటాడితే నన్ను పోల్చుకోలేదు."

జోగన్న పంతులు ఆ పిల్ల పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. జీవితంలో ఎన్నడూ అడగని మాట, ఎదుటివాళ్లని అడగనివ్వని మాట, ఆ రోజు ఆయన నోటికొచ్చింది. మళ్లీ చేస్తాను, ఒక్కసారి మళ్లీ చెయ్యనియ్యి, అని అడగాలని. అడగడానికి ఆవిడ లేదు. పంతులు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు ఊరందర్నీ బడికి పిలిచాడు. గోడ మీద చుక్కలన్నీ పేడ నీళ్లతో అలికేశాడు. తవిటమ్మని తన చోట కూర్చోబెట్టి, తను పిల్లల వరసలో కూర్చుని, ఇసకలో పిట్టల లెక్క చేసి చూపించాడు. ఫలానా రోజున నేను తప్పాను, ఈ పిల్ల ఒప్పు రాసింది, గవరమ్మ అది తెలిసీ నన్ను కాపాడింది, అని అందరి ముందూ చెప్పాడు. ఊరు ఆయన్ని తరమలేదు. ఊరికి బడి కావాలి కదా. గవరమ్మ భయపడినట్టు ఏమీ కాలేదు. ఆ సంగతి ఆవిడకి తెలీకుండానే పోయింది, అదే బాధ.

ఆ ఏరు ఎన్నిసార్లు దారి మార్చుకుందో. బడి పెంకుటిల్లయింది, తర్వాత డాబా అయింది. ఇసక పోయి నోటు పుస్తకాలొచ్చాయి. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి లెక్క తప్పితే, మూడుసార్లు మళ్లీ చెయ్యనిచ్చాకే మార్కు వేస్తారు. తప్పు చేసిన పిల్ల బిక్కమొహం వేస్తే పక్కపిల్ల "గవరమ్మ ఉందిలే, మళ్లీ రాయి" అంటుంది. బడి తెరిచిన మొదటి రోజున లెక్కల మాస్టారు పిల్లల మధ్య కింద కూర్చుంటాడు. పిట్టలూ ఎలకలూ తినగా మిగిలిందెంతో అందరి ముందూ లెక్క చేస్తాడు. చేశాక "సరిపోయిందా?" అని అడుగుతాడు. పిల్లలు ఆయనకి జవాబు చెప్పరు. అందరూ లేచి ఏటి వైపు తిరిగి, "సరిపోయింది గవరమ్మా, మా పంతులుగారు ఒప్పుకున్నారు" అని గట్టిగా చెబుతారు. ఆవిడ బతికుండగా ఆ మాట చెప్పినవాళ్లు లేరు. అందుకని ఏటేటా చెబుతూనే ఉన్నారు.