ఏడు వాకిళ్ళ పుట్టకి కొత్త బాయిలర్

అనగనగా ఒక చలికొండ. ఆ కొండ నెత్తిన ఒక అడవి. శీతాకాలం వచ్చిందంటే అక్కడి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకునేది. ఆ అడవిలో చెదలు వదిలేసిన పెద్ద పుట్ట ఒకటుంది. అందులో గవరమ్మ అనే ముంగిస, ఆమె మొగుడు సింహాచలం, వాళ్ళ ముగ్గురు పిల్లలు కాపురముండేవారు.

ఆ పుట్టకి ఏడు వాకిళ్ళు. ఎందుకో తెలుసా? ముంగిసకీ పాముకీ పడదు కదా! పాము ఒక వాకిట్లోంచి వస్తే పిల్లలు ఇంకో వాకిట్లోంచి బయటపడాలి. అందుకని సింహాచలం వాళ్ళ తాత ఏడు వాకిళ్ళు తవ్వాడు. "వీటిని ఎప్పుడూ మూయకండర్రా" అని చెప్పి పోయాడు. సింహాచలానికి అదే గొప్ప. దారినపోయేవాళ్ళని ఆపి మరీ, "మాది ఏడు వాకిళ్ళ ఇల్లు!" అని మీసం దువ్వేవాడు.

ఇంట్లో ఒక పాత రాగి బాయిలర్ ఉండేది. అదెలా పనిచేస్తుందో చెప్తాను, వినండి. నడుమ గొట్టంలో నిప్పులు. గొట్టం చుట్టూ నీళ్ళు. కాగిన నీళ్ళు వెదురు బొంగుల్లోంచి గదిగదికీ వెళ్తాయి. బొంగులు వేడెక్కితే గదులు వెచ్చబడతాయి. అర్థమైంది కదా? సరే.

ఆ ఏడాది దాని అడుగు చిల్లుపడింది. వడ్రంగిపిట్ట వచ్చి చిల్లు మీద అతుకు పెట్టి మాటు వేసింది. రెండు రోజులకే ఊడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఊడింది. మూడోసారి పిలిస్తే బాయిలర్ చుట్టూ తిరిగి చూసి, "గవరమ్మా, ఇందులో బాయిలర్ ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. అన్నీ నేను వేసిన మాట్లే!" అంది.

బాయిలర్ ఆగిపోయింది. పిల్లలు ముగ్గురూ ఒకరి తోక ఒకరు కప్పుకుని ముడుచుకున్నారు.

"అమ్మా, నాకు ముక్కు ఉందా?" అంది చిన్నది.

"ఉందే తల్లీ."

"మరి నాకు తెలియడం లేదే!"

గవరమ్మ మనసు చివుక్కుమంది. ఇంట్లో ఉన్నవి రెండు బుట్టల ఎండు ఇప్పపూలు. చలికాలమంతా తిండి అవే. ఏదైనా కొనాలన్నా అవే ఇవ్వాలి. మొగుడూ పెళ్ళాం ఆలోచించుకుంటూ ఎలుగుబంటి భద్రయ్య కొట్టుకి వెళ్ళారు.

భద్రయ్యకి ఇప్పపూలంటే ప్రాణం. "పెద్ద బాయిలర్ రెండు బుట్టలు. నడిమిది బుట్టన్నర. చిన్నది ఒక్క బుట్ట. ఇంతకీ మీ ఇంటికి వాకిళ్ళెన్ని?" అని అడిగాడు.

"ఏడు!" అన్నాడు సింహాచలం ఛాతీ విరుచుకుని.

"బాబోయ్, ఏడా! అయితే పెద్దదే కావాలి. చిన్నదాని వేడి మీ వాకిళ్ళకే చాలదు."

"ఇచ్చేద్దామే" అన్నాడు సింహాచలం.

"రెండు బుట్టలూ ఇచ్చేసి, పిల్లలకి వేడినీళ్ళు తాగించి పడుకోబెడదామా?"

"చిన్నది కొంటే చలికి వణుకుతారు!"

"పెద్దది కొంటే ఆకలికి వణుకుతారు. భద్రయ్య మావా, రేపు చెప్తాం" అని గవరమ్మ మొగుణ్ణి లాక్కొచ్చేసింది.

దారిలో ఆమెకి అలుగు తాత గుర్తొచ్చాడు. ఒంటినిండా పొలుసులున్న ఆ తాత జీవితమంతా పుట్టలు తవ్వినవాడు. పుట్ట లోగుట్టు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

గవరమ్మ పిలిస్తే తాత వచ్చాడు. బాయిలర్ వైపు చూడనైనా చూడలేదు. చిటికెడు బూరుగు దూది తీసి మొదటి వాకిలి దగ్గర వదిలాడు. దూది సుయ్యిమని బయటికి పోయింది. రెండో వాకిలి దగ్గర వదిలాడు. లోపలికి కొట్టుకొచ్చింది. మూడో వాకిలి దగ్గర దూది ఎగిరిపోయి తాత నెత్తిన వాలింది. పిల్లలు చలి మరిచిపోయి పకపకా నవ్వారు.

"చూశారా? వెచ్చదనం ఇలా పోతోంది, చలి అలా వస్తోంది. మీరు ఇల్లు కాదమ్మా, కొండంతా కాచుకుంటున్నారు" అన్నాడు తాత. "ఒరే సింహాచలం, ఇన్ని వాకిళ్ళు ఎవరికోసంరా?"

"పాము వస్తే తప్పించుకోడానికి తాతా."

"ఈ చలిలో పామును ఎప్పుడైనా చూశావా?"

సింహాచలం బుర్ర గోక్కున్నాడు. "లేదు. చలికాలమంతా అవి నిద్రపోతాయి. ఉగాది దాకా లేవవు."

"మరి?"

సింహాచలం మీసం దించి, "మట్టి ఎక్కడుందే?" అని పెళ్ళాన్ని అడిగాడు.

అందరూ మట్టీ ఎండుగడ్డీ తొక్కి అయిదు వాకిళ్ళు పూడ్చారు. రాకపోకలకి ఒకటి ఉంచారు. పొగ పోవడానికి ఒకటి ఉంచారు. పొగదారి మాత్రం ఎప్పుడూ మూయకూడదు పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి.

ఒక్క బుట్ట ఇచ్చి చిన్న బాయిలర్ తెచ్చుకున్నారు. "చాలకపోతే తెచ్చేయండి, మారుస్తా. ఆ రెండో బుట్ట మాత్రం జాగ్రత్త, ఎలాగూ నాకే వస్తుంది!" అని నవ్వాడు భద్రయ్య.

బాయిలర్ వెలిగించారు. బొంగులు వేడెక్కాయి. గదులు వెచ్చబడ్డాయి. "అమ్మా, నా ముక్కు వచ్చేసింది!" అని చిన్నది గంతులేసింది.

అన్నిటికన్నా చలి ఎక్కువైన రోజున, పొద్దున్నే భద్రయ్య వచ్చాడు. "వణుకుతున్నారా?" అంటూ వాకిట్లో తలకాయ దూర్చాడు. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. "అబ్బ... మా ఇల్లు కూడా ఇంత..." అంటూనే గురకపెట్టాడు. పిల్లలు చెవి లాగారు. ముక్కులో గడ్డిపోచ పెట్టారు. "భద్రయ్య తాతా!" అని అరిచారు. ఊహూ, లేవలేదు. వాకిలి నిండా ఎలుగుబంటి తలే!

"అయ్యా, ఇప్పుడు బయటికెలా?" అన్నారు పిల్లలు.

సింహాచలం మీసం మళ్ళీ లేచింది. "ఏడు వాకిళ్ళ ఇల్లర్రా మనది!" అని తూర్పు వాకిలి మట్టి ఒక్క తోపు తోశాడు.

"వెళ్ళేవాళ్ళు మూసి మరీ వెళ్ళండి!" అని లోపల్నుంచి గవరమ్మ కేక వేసింది.

ఎండెక్కాక భద్రయ్య లేచాడు. గవరమ్మ దొన్నెడు ఇప్పపూలు పెట్టింది. "చెప్పానా, రెండో బుట్ట నాకే వస్తుందని!" అంటూ ఆయన తిని, మూతి నాక్కుంటూ తన ఇంటికి వాకిళ్ళెన్నో లెక్కపెట్టుకోడానికి వెళ్ళాడు. ఆ చలికాలమంతా అందరూ వెచ్చగా ఉన్నారు, కడుపునిండా తిన్నారు. ఉగాది రాగానే ఏడు వాకిళ్ళూ మళ్ళీ తెరిచారు.

నీతి: పెద్దది కొనే ముందు, ఉన్నది ఎటు జారిపోతోందో వెతికి చూడాలి.